నీటిని శుద్ధి చేస్తూనే కరెంటు ఇచ్చే పొర: ఊరి వాటర్ ప్లాంటుకు ఇది పనికొస్తుందా?

పరకాల సైన్స్ టీచర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పరకాల దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఈ ఏడాది సైన్స్ ప్రదర్శన కోసం తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాను. అందులో తలెత్తిన సందేహానికి మా పుస్తకాల్లో సమాధానం దొరకనందున ఇక్కడ అడుగుతున్నాను.

దక్షిణ కొరియాలోని కిస్ట్ పరిశోధన సంస్థ, మ్యోంగ్జీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి 2023లో ఒక పొరను ప్రకటించారు. పైన విద్యుత్తును ప్రవహింపజేసే పాలిమర్, కింద సన్నని రంధ్రాలున్న వడపోత పొర ఉంటాయి. నీరు పై నుంచి కిందికి దిగేటప్పుడు శుద్ధి అవుతుంది, అదే సమయంలో నీటిలోని అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) అడ్డంగా కదలడం వల్ల ఏకముఖ విద్యుత్తు పుడుతుంది. 10 నానోమీటర్ల లోపు కాలుష్య కణాలను 95 శాతానికి పైగా ఆపుతుందని, కేవలం 10 మైక్రోలీటర్ల నీటితో 3 గంటలకు పైగా విద్యుత్తు వస్తుందని వారు తెలిపారు. 10 మైక్రోలీటర్లంటే మనం చూసే నీటిచుక్కలో ఐదో వంతు మాత్రమే కాబట్టి, ఇది చదివినప్పుడు పిల్లలకే కాదు, నాకూ ఎంతో ఉత్సాహం కలిగింది.

మా ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్నందున దాదాపు ప్రతి ఇంటివారూ వాటర్ ప్లాంటుకు వెళ్ళి 20 లీటర్ల క్యాన్లు నింపుకొస్తారు. ఎండాకాలంలో కరెంటు పోయిన రోజున ప్లాంటు ముందు ఖాళీ క్యాన్లు వరుసగా నిలబడి ఉంటాయి. ఆ వరుసను రోజూ చూసే పిల్లలే, ఇలాంటి పొర ఉంటే ప్లాంటు తన కరెంటు తానే చేసుకోవచ్చు కదా అని అడిగారు.

మేము చేసిన ప్రయోగం ఇది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, కాటుక పట్టినట్టే మసి పట్టాము. ఆ మసిని తుమ్మ జిగురు కలిపిన నీటిలో బాగా నూరి, 10 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున్న నూలుగుడ్డ పట్టీకి పూసి ఆరబెట్టాము. పట్టీ కింది చివరకు అల్యూమినియం రేకు, పై చివరకు రాగి తీగ చుట్టి, కింది భాగాన్ని గ్లాసులోని బోరు నీటిలో ముంచాము. నీరు ఒత్తిలో నూనెలా పైకి పాకిన కొద్దిసేపటికి మల్టీమీటరు 0.62 వోల్టులు చూపించింది. తరగతి గది అంతా చప్పట్లతో మారుమోగింది.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "టీచర్, కరెంటు నీళ్ళ నుంచి వస్తే ఆ తర్వాత నీళ్ళలో ఏం తగ్గుతుంది?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బొగ్గు మండితే బూడిద మిగులుతుంది, డ్యామ్‌లో నీరు పై నుంచి కిందికి పడుతుంది, బ్యాటరీలో రసాయనం ఖర్చవుతుంది. మరి ఇక్కడ ఖర్చవుతున్నది ఏమిటి? ఇలాంటి పదార్థాలతో ఊరి వాటర్ ప్లాంటు నడిచే అవకాశం నిజంగా ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

---

కాజీపేట రిటైర్డ్ ఇంజనీర్

అమ్మా, ముందుగా ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ముప్పై నాలుగేళ్ళు విద్యుత్ రంగంలో పనిచేసిన నేను కూడా ఏ కొత్త యంత్రాన్ని చూసినా అడిగే మొదటి ప్రశ్న అదే.

మీ ప్రయోగంలో ఒక చోట జాగ్రత్త అవసరం. కింద అల్యూమినియం, పైన రాగి, రెండింటి మధ్య తడిసిన గుడ్డ ఉన్నాయి. ఇది నిమ్మకాయలో రెండు లోహాలు గుచ్చినట్టే ఒక చిన్న బ్యాటరీ. ఈ రెండు లోహాల మధ్య మామూలు నీటిలో సుమారు అర వోల్టు నుంచి 0.7 వోల్టు దాకా వస్తుంది. మసి లేకుండా ఉత్త తడిగుడ్డతో చేసినా మీటరు అటూఇటూగా ఇదే అంకె చూపే అవకాశం ఎక్కువ. అప్పుడు ఖర్చవుతున్నది అల్యూమినియం. నాలుగైదు రోజులు అలాగే వదిలేస్తే నీళ్ళలో మునిగిన రేకు మెరుపు పోయి, తెల్లటి పూత పట్టి కనిపిస్తుంది.

ఉప్పునీటితో వెలిగే దీపాలన్నింటిలోనూ ఉన్నది ఈ సూత్రమే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి రోష్ని దీపాన్ని 2022లో విడుదల చేశారు. మత్స్యకారులకు ఎంతో ఉపయోగపడే మంచి పరికరం అది. అందులో ఉప్పునీరు ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుద్విశ్లేష్యంగా పనిచేస్తుంది. నీరు దారి మాత్రమే, శక్తి లోహానిది.

అందుచేత మీరు నాలుగు పనులు చేయండి. మొదటిది, లోహాలు తీసేసి రెండు చివరలకూ ఒకే రకం పెన్సిల్ ములుకులు పెట్టండి. రెండోది, ములుకులను ఒకదాని స్థానంలో మరొకటి మార్చి మళ్ళీ కొలవండి. వోల్టేజీ గుర్తు ములుకుతో పాటు మారితే తేడా ములుకుల్లో ఉన్నట్టు, మారకుండా పొడి చివరే ధనాత్మకంగా ఉంటే అది నీటి కదలిక వల్ల వచ్చినట్టు. మీ పాత అమరికలో రాగి పైన ఉండటం వల్ల రెండు కారణాలూ ఒకే దిశలో కలిసిపోయి, వేరుచేసి చూడటానికి వీలు లేకుండా పోయింది. మూడోది, గ్లాసునూ పట్టీనీ కలిపి ప్లాస్టిక్ సంచితో మూసేయండి. ఆవిరి ఆగితే వోల్టేజీ కూడా పడిపోవాలి. నాలుగోది, మీటరుకు సమాంతరంగా లక్ష ఓముల నిరోధాన్ని కలిపి చూడండి. ఖాళీ వోల్టేజీని చూసి పవర్‌ను అంచనా వేయకూడదు. లోడు పెట్టాకే అసలు సత్తా తెలుస్తుంది.

---

హుజూరాబాద్ వాటర్ ప్లాంట్

టీచర్ గారూ, నేను ఎనిమిదేళ్ళుగా వాటర్ ప్లాంటు నడుపుతున్నాను. మా లెక్కలు చెబితే పిల్లలకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, 1100, ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములు. భారత ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేని చోట 1.5 దాకా అనుమతిస్తారు. ఈ నీళ్ళను ఆర్వో మెంబ్రేన్ (ఉప్పులను ఆపే వడపోత పొర) గుండా నెట్టడానికి 2 హెచ్‌పీ హై ప్రెషర్ మోటారు ఉంది. గంట నడిస్తే 1000 లీటర్ల మంచినీళ్ళు వస్తాయి, దాదాపు అంతే వేస్టు నీళ్ళు కాలువలోకి పోతాయి. అంటే వెయ్యి లీటర్లకు యూనిటున్నర కరెంటు. బోరు మోటారు ఖర్చు ఇందులో కలపలేదు.

నా వరకు కరెంటు బిల్లు కన్నా పెద్ద కష్టం మెంబ్రేన్. గట్టి నీళ్ళ వల్ల దాని మీద తెల్లటి సున్నపు పొర పేరుకుపోతుంది. యాసిడ్ కడుగు ఆలస్యమైతే మంచినీళ్ళ పైపు ధార సన్నబడుతుంది. మూడేళ్ళ కిందట ఒక మెంబ్రేన్ లోపల చీలినప్పుడు, రోజూ టీడీఎస్ చూసే అబ్బాయి సెలవులో ఉన్నందున రెండు రోజుల పాటు తేడా నా దృష్టికి రాలేదు. ఆ రెండు రోజులూ నీళ్ళు తీసుకెళ్ళిన ఇళ్ళకు స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చాను. ఆ బాధ ఇంకా మరిచిపోలేదు. మీరు చెప్పే పొర మీద సున్నం పడితే ఏమవుతుందో తెలుసుకోవాలని నాకూ ఉంది.

---

హన్మకొండ మెటీరియల్స్ స్కాలర్

మేడమ్, నా పరిశోధన కార్బన్ పదార్థాల మీద కాబట్టి మీ విద్యార్థిని ప్రశ్న నుంచే మొదలుపెడతాను. నీటి అణువులు ఇంధనంగా ఖర్చు కావు. శక్తి ప్రతిసారీ ఎక్కడో ఒక చోట ఉన్న తేడా నుంచి వస్తుంది. అది ఎత్తులో తేడా కావచ్చు, పీడనంలో, ఉప్పు గాఢతలో, తేమలో తేడా కావచ్చు. మీ పట్టీ విషయంలో అది తడి చివరకూ పొడి చివరకూ మధ్య ఉన్న తేడా. పై చివర నీరు ఆవిరవుతూ ఉంటేనే కింది నుంచి కొత్త నీరు పైకి పాకుతుంది. ఒక లీటరు నీరు మామూలు వేడిమి వద్ద ఆవిరి కావడానికి యూనిట్లో సుమారు మూడింట రెండు వంతుల వేడి కావాలి. ఆ వేడి చుట్టూ ఉన్న గాలి నుంచీ గుడ్డ నుంచీ వస్తుంది. మే నెలలో రంజనులో నీళ్ళు చల్లబడేది ఈ కారణంగానే. రంజను చల్లదనాన్ని ఇస్తుంది, మసి పూసిన పట్టీ అదే ప్రక్రియలో ఒక చిటికెడు భాగాన్ని విద్యుత్తుగా మలుస్తుంది. కాబట్టి "నీళ్ళలో ఏం తగ్గుతుంది" అన్న ప్రశ్నకు, పట్టీ పక్కనున్న గాలిలో వేడి తగ్గుతుంది, గ్లాసులో నీటి మట్టం తగ్గుతుంది అని చెప్పవచ్చు.

ఇక ఆ మలిచే పని ఎలా జరుగుతుందంటే, మసిలోని కార్బన్ ఉపరితలం మీద ఆక్సిజన్ కలిసిన రసాయన సమూహాలు ఉంటాయి. నీరు తగలగానే అవి హైడ్రోజన్ అయాన్లను వదిలేసి తాము రుణావేశంతో మిగులుతాయి. ఆ రుణావేశానికి ఆకర్షితమై, గోడ పక్కనున్న నీటిలో ధన అయాన్లు ఒక పలుచని పొరగా చేరతాయి. దీన్ని విద్యుత్ ద్విస్తరం అంటారు. రంధ్రం వెడల్పుగా ఉంటే మధ్యలో పారే నీటికి ఈ పొరతో సంబంధం తక్కువ. రంధ్రం ఆ పొర మందానికి దగ్గరగా ఇరుకైతే, కదిలే నీరు ధన అయాన్లను తనతో ఈడ్చుకుపోతుంది. అవి పై చివర పోగవడంతో వోల్టేజీ పుడుతుంది. నీటిని సన్నని రంధ్రాల గుండా నెడితే వోల్టేజీ వస్తుందని జర్మన్ శాస్త్రవేత్త క్విన్కే 1859లోనే గమనించారు. 2003లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అజయ్ సూద్ బృందం కార్బన్ నానోట్యూబుల (కార్బన్‌తో ఏర్పడిన అతి సన్నని గొట్టాల) మీదుగా ద్రవం పారితే మిల్లీవోల్టులు వస్తాయని చూపించింది. 2017లో చైనాలోని నాన్జింగ్ శాస్త్రవేత్తలు దాదాపు మీరు చేసిన పనే చేశారు. మంటలో పట్టిన మసి పొరను నీటిలో నిలబెట్టి, ఆవిరి వల్లనే ఒక వోల్టు దాకా రాబట్టారు. పిల్లలు కాటుక పట్టినట్టు మసి పట్టారని చదివి నాకు చాలా సంతోషం కలిగింది. తుమ్మ జిగురు కలపడం కూడా సరైన ఆలోచనే, ఎందుకంటే తాజా మసికి నీరు అంటదు. నాన్జింగ్ వారు ఆ గుణాన్ని పోగొట్టడానికి మసి పొరను వేడిచేసి ప్లాస్మాతో (విద్యుదావేశమున్న వాయువుతో) శుద్ధి చేయవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ద్విస్తరం మందం నీటిలోని ఉప్పును బట్టి మారుతుంది. ప్రయోగశాలలో వాడే అయాన్లు తీసేసిన నీటిలో అది వందల నానోమీటర్లు ఉండగలదు. టీడీఎస్ 1100 ఉన్న బోరు నీటిలో రెండు నానోమీటర్ల దగ్గరకు కుదించుకుపోతుంది. పైగా ఉప్పునీరు తానే విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి పోగైన ఆవేశం పట్టీలోనే వెనక్కి కారిపోతుంది. కాల్షియం లాంటి రెండు ఆవేశాల అయాన్లు కార్బన్ గోడకు అతుక్కుని దాని రుణావేశాన్ని కూడా తగ్గిస్తాయి. హుజూరాబాద్ అన్న అడిగిన సున్నం సంగతి ఇక్కడే వస్తుంది. ఆవిరయ్యే చివర ఉప్పులన్నీ మిగిలిపోయి రంధ్రాలను పూడుస్తాయి. శుద్ధి అవసరం ఎక్కువగా ఉన్న నీటిలోనే ఈ పదార్థాల విద్యుత్తు బలహీనపడుతుందన్నది ఈ రంగంలో మేమంతా ఎదుర్కొంటున్న అసలైన సమస్య.

శుద్ధి గురించి కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొరియా పొర ఆపుతుందన్నది సూక్ష్మ ప్లాస్టిక్, భారలోహ కణాల వంటి కాలుష్యాన్ని. నీటిలో కరిగిన ఫ్లోరైడ్ ఒక అయాను, దాని పరిమాణం నానోమీటరులో చిన్న భాగం. కణాల వడపోతకు ఇచ్చిన 95 శాతం అంకెను ఫ్లోరైడుకు వర్తింపజేయకూడదు. మన ప్రాంతపు గ్రానైటు రాళ్ళ నుంచి నీటిలోకి దిగే ఫ్లోరైడుకు ఆర్వో, లేదా ఫ్లోరైడును పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా, లేదా పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి కావాలి. పిల్లలు చార్టులో ఈ తేడాను తప్పకుండా రాయాలని కోరుతున్నాను. కరెంటు లెక్క తప్పితే బల్బు వెలగదు, అంతే. శుద్ధి లెక్క తప్పితే పిల్లల పళ్ళు, ఎముకలు పాడవుతాయి.

---

పరకాల సైన్స్ టీచర్

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంజనీరు గారు చెప్పినట్టే శనివారం మధ్యాహ్నం పిల్లలతో మళ్ళీ కొలిచాము.

మసి లేని ఉత్త తడిగుడ్డకు అల్యూమినియం, రాగి పెట్టినప్పుడు మీటరు 0.58 చూపించింది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. తర్వాత మసి పట్టీకి రెండు వైపులా పెన్సిల్ ములుకులు పెట్టి, బోరు నీటికి బదులు ఇన్వర్టరులో పోసే, ఉప్పులు తీసేసిన బ్యాటరీ నీళ్ళు వాడాము. ఇరవై నిమిషాల తర్వాత 48 మిల్లీవోల్టుల వద్ద నిలబడింది. ములుకులు తారుమారు చేస్తే 48 కాస్తా 41 అయింది కానీ, గుర్తు మారలేదు, పొడి చివరే ధనాత్మకంగా ఉంది. ప్లాస్టిక్ సంచి కప్పిన అరగంటకు 15కు పడిపోయింది, సంచి తీసి అట్టతో విసిరితే మళ్ళీ పెరిగింది. అప్పుడు పిల్లలు కొట్టిన చప్పట్లు మొదటిసారి కన్నా గట్టివి. అదే పట్టీని బోరు నీటిలో పెడితే 11 మిల్లీవోల్టులు మాత్రమే వచ్చాయి. స్కాలర్ గారు చెప్పిన ఉప్పు ప్రభావం ఇదేనని అనుకుంటున్నాను.

బ్యాటరీ నీళ్ళతోనే లక్ష ఓముల నిరోధం కలిపాక 48 మిల్లీవోల్టులు 9కి దిగాయి. పిల్లలు వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించి, పవర్ ఒక నానోవాటు కన్నా తక్కువని లెక్క తేల్చారు. ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఇలాంటివి వెయ్యి కోట్లకు పైగా పట్టీలు కావాలని నల్లబల్ల మీద రాసినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం, "టీచర్, ఆవిరి వద్దు, మన ట్యాంకు నుంచి నీళ్ళు కిందికి వస్తాయి కదా, ఆ ఒత్తిడితో పొర గుండా నెడితే?" అని అడిగింది. దీన్ని ఎలా లెక్కించాలి?

---

కాజీపేట రిటైర్డ్ ఇంజనీర్

చక్కగా కొలిచారమ్మా. ములుకులు మార్చినప్పుడు 48, 41 రావడం కూడా సహజమే. ఆ రెండింటి సగటును తీసుకుని, మిగిలిన తేడా ములుకులదని రాయండి.

ట్యాంకు లెక్క సులువైనది. 1000 లీటర్ల నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వెలువడే మొత్తం శక్తి 98 వేల జౌళ్ళు, అంటే 27 వాట్ అవర్లు. ఒక్క వాటు కూడా వృథా కాకపోతే 9 వాట్ల బల్బు 3 గంటలు వెలుగుతుంది. హుజూరాబాద్ ప్లాంటులో అదే వెయ్యి లీటర్ల శుద్ధికి 1500 వాట్ అవర్లు ఖర్చవుతున్నాయని ఆయనే చెప్పారు. అంటే ట్యాంకులో ఉన్న శక్తి మొత్తం కలిపినా అవసరంలో యాభై ఐదో వంతు. ఇక నానో కాలువల గుండా నీటిని నెట్టి విద్యుత్తు తీసే ప్రయోగాల్లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2007లో సాధించిన సామర్థ్యం సుమారు 3 శాతం. ఆ లెక్కన 27 వాట్ అవర్లలో మన చేతికి వచ్చేది ఒక్క వాట్ అవర్ లోపే, బల్బు ఐదు నిమిషాలు వెలుగుతుంది. ఇందులో పదార్థం చేయగలిగింది సామర్థ్యాన్ని పెంచడమే. ట్యాంకులో లేని శక్తిని ఎంత గొప్ప పదార్థమైనా తేలేదు.

ఇలాంటి వార్తల్లో "ఎన్ని వోల్టులు" అన్న అంకె కన్నా "ఎంతసేపు, ఎన్ని వాట్లు" అన్నది చూడటం పిల్లలకు నేర్పండి. 2020లో హాంకాంగ్ శాస్త్రవేత్తలు 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే ఒక్క నీటిచుక్కతో 140 వోల్టులు పుట్టించి, వంద చిన్న ఎల్‌ఈడీలను వెలిగించారు. నిజంగా గొప్ప పని. అయితే ఆ వెలుగు కన్ను మూసి తెరిచేంత సేపు. వారు వాడిన 100 మైక్రోలీటర్ల చుక్క ఆ ఎత్తు నుంచి పడినప్పుడు దానిలో ఉన్న శక్తి మిల్లీజౌలులో సుమారు ఏడో వంతు మాత్రమే. మొత్తం విద్యుత్తుగా మారినా ఒక్క వాటు నిలకడగా రావాలంటే సెకనుకు దాదాపు 6,800 చుక్కలు పడాలి.

ప్లాంటు తన కరెంటు తానే చేసుకోవాలన్న పిల్లల కోరిక తీరే దారి పైకప్పు మీద ఉంది. మన రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర ఫలకాలు 2022 నుంచి పనిచేస్తున్నాయి. నీటి మీదే ఉన్నా వాటి శక్తి ఎండది. మంచి ఎండలో ఒక చదరపు మీటరు ఫలకం సుమారు 200 వాట్లు ఇస్తుంది. చదరపు సెంటీమీటరుకు ఒక మైక్రోవాటు ఇచ్చే ఆవిరి పొర అదే చదరపు మీటరుకు 10 మిల్లీవాట్లు ఇస్తుంది. ఇరవై వేల రెట్ల తేడా.

---

పెద్దపల్లి పర్యావరణ ఇంజనీర్

చర్చ ఇంతవరకు శుభ్రమైన నీరు, ఉప్పునీటి చుట్టూ సాగింది. నేను మురుగు వైపు నుంచి ఒక విషయం చేర్చదలచుకున్నాను, ఎందుకంటే అక్కడ ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు నేరుగా దొరుకుతుంది. అక్కడ నీటిలో నిజంగానే ఒకటి తగ్గుతుంది, అది మురికి.

మన కరీంనగర్, పెద్దపల్లి వైపు బాయిల్డ్ రైస్ మిల్లులు ఎన్నో ఉన్నాయి. వడ్లను నానబెట్టి తీసిన నీరు పసుపు రంగులో, పులిసిన గంజి వాసనతో బయటికి వస్తుంది. అందులో పిండిపదార్థం, చక్కెరలు కరిగి ఉంటాయి. ఇలాంటి సేంద్రియ పదార్థాన్ని వేరే సూక్ష్మజీవులు చిన్న ఆమ్లాలుగా విడగొట్టాక, కొన్ని రకాల బ్యాక్టీరియా, ముఖ్యంగా జియోబ్యాక్టర్ జాతివి, వాటిని తిని ఎలక్ట్రాన్లను నేరుగా కార్బన్ ఎలక్ట్రోడుకు అందించగలవు. ఆ ఎలక్ట్రాన్లు తీగ గుండా రెండో ఎలక్ట్రోడుకు చేరి, అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తోనూ నీటిలోని హైడ్రోజన్ అయాన్లతోనూ కలవడంతో నీరు ఏర్పడుతుంది. దీన్ని సూక్ష్మజీవుల ఇంధన ఘటం అంటారు. సూక్ష్మజీవుల నుంచి విద్యుత్తు వస్తుందని ఇంగ్లండులో పాటర్ అనే వృక్షశాస్త్రవేత్త 1911లోనే చూపించారు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో వెంకట మోహన్ గారి బృందం వ్యర్థ జలాలతో ఈ ఘటాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. 2015లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో మూత్రంతోనే మూత్రశాల దీపాలు వెలిగించారు.

లెక్క కూడా ఇక్కడ కాస్త ఆశాజనకంగా ఉంటుంది. మురుగులో ఎంత సేంద్రియ పదార్థం ఉందో సీఓడీ అనే కొలతతో చెబుతాము. ఒక కిలో సీఓడీలో దాదాపు 3.8 యూనిట్లకు సమానమైన రసాయన శక్తి ఉంటుంది. మామూలు ఇంటి మురుగులో వెయ్యి లీటర్లకు అర కిలో సీఓడీ ఉందనుకుంటే సుమారు 1.9 యూనిట్లు. మిల్లు నీటిలో సీఓడీ ఇంతకన్నా చాలా ఎక్కువ. పది మీటర్ల ట్యాంకులో ఉన్న 0.027 యూనిట్లతో దీన్ని పోల్చి చూడండి. అయితే ఘటం లోడు మీద సాధారణంగా అర వోల్టుకు అటూఇటూగానే ఇస్తుంది, పరిమాణం పెంచేకొద్దీ లీటరుకు వచ్చే పవర్ తగ్గుతుంది, ఉన్న శక్తిలో చేతికందేది కొద్ది భాగమే. ఈ రోజున ఒక మిల్లు యజమాని వచ్చి నన్ను అడిగితే బయోగ్యాస్ పెట్టుకోమనే చెబుతాను. మరో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఘటం నుంచి బయటికి వచ్చిన నీరు తాగడానికి పనికిరాదు. చెరువులోకి వదిలే ముందు చేసే శుద్ధిలో అది ఒక మెట్టు.

---

హన్మకొండ మెటీరియల్స్ స్కాలర్

పెద్దపల్లి మిత్రుడు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా పదార్థాల గురించి ఇంజనీరు గారి లెక్కలు కూడా సరైనవే. ఇన్ని పరిమితులున్నా నేను ఈ పని ఎందుకు చేస్తున్నానో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

టీచర్ గారి కొలతలను మరోసారి చూడండి. బ్యాటరీ నీళ్ళలో 48, బోరు నీళ్ళలో 11. పవర్ కోసం చూస్తే ఇది లోపం. కొలత కోసం చూస్తే, బ్యాటరీ ఏదీ లేకుండా, నీటిలో ఉప్పు ఎంత ఉందో ఆ పట్టీ తానే చెబుతున్నట్టు. బెంగళూరు బృందం 2003లో తమ నానోట్యూబులను ద్రవ ప్రవాహాన్ని పసిగట్టే సాధనంగానే లోకానికి పరిచయం చేసింది. ఆర్వో మెంబ్రేన్ తర్వాత వచ్చే మంచినీళ్ళ పైపులో ఇలాంటి చిన్న పొర ఒకటి ఉందనుకుందాం. మామూలు రోజుల్లో టీడీఎస్ 80 దగ్గర ఒక వోల్టేజీ ఉంటుంది. మెంబ్రేన్ చీలి ఉప్పునీరు కలిసిన గంటలోనే అది పడిపోతుంది. హుజూరాబాద్ అన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పవలసిన పరిస్థితి అప్పుడు రాదు. నానోవాట్లు బల్బును వెలిగించలేవు, కానీ ఒక హెచ్చరికకు కావలసిన సంకేతం ఇవ్వగలవు. సున్నం పేరుకోకుండా, నెలల తరబడి ఒకే అంకె చూపేలా ఆ పొరను తయారు చేయడమే మా ముందున్న కష్టమైన పని. ఆర్వో దాటిన నీటిలో సున్నం చాలా తక్కువ కాబట్టి, ముడి బోరు నీటి కన్నా అక్కడే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

---

హుజూరాబాద్ వాటర్ ప్లాంట్

అలాంటిది వస్తే మొదట నా ప్లాంటులో పెట్టండి సార్. చూసే మనిషి లేని రాత్రి షిఫ్టులో అది ఎంత ధైర్యమో మాలాంటి వారికే తెలుస్తుంది.

---

పరకాల సైన్స్ టీచర్

ప్రాజెక్టు పేరు మార్చాము. "నీటితో కరెంటు" తీసేసి "కరెంటు లేకుండా నీటి ఉప్పును చెప్పే కాటుక పట్టీ" అని పిల్లలే పెట్టుకున్నారు. అల్యూమినియం రేకుతో వచ్చిన 0.62 వోల్టుల పొరపాటును కూడా చార్టులో మొదటి వరుసలోనే రాస్తామని వారే పట్టుబట్టారు. ప్రశ్న అడిగిన అమ్మాయి నాలుగు గ్లాసుల అమరిక గీసింది. బ్యాటరీ నీళ్ళు, ఆర్వో నీళ్ళు, బోరు నీళ్ళు, ఆర్వో వేస్టు నీళ్ళు. వేస్టు నీళ్ళలో ఉప్పు రెట్టింపు ఉంటుంది కాబట్టి 11 కన్నా తక్కువ రావాలని కొలవక ముందే పుస్తకంలో రాసి, తేదీ వేసింది. మా ఊరి ప్లాంటు మరమ్మతులో ఉంది. హుజూరాబాద్ అన్నా, మీ వద్ద రెండు లీటర్ల వేస్టు నీళ్ళు, ఒక లీటరు మంచినీళ్ళు దొరుకుతాయా? వచ్చే గురువారం ఆ వైపు రావలసిన పని ఉంది.

---

హుజూరాబాద్ వాటర్ ప్లాంట్

తప్పకుండా రండి టీచర్ గారూ. పదింటికి మోటారు వేస్తాను, అరగంట నడిచాక పట్టుకుంటేనే అంకెలు నిలకడగా ఉంటాయి. రెండు డబ్బాలూ మూతలున్నవి తెచ్చుకోండి, ముందు అవే నీళ్ళతో రెండుసార్లు కడుక్కోవాలి. మా మీటరుతో టీడీఎస్ చూసి డబ్బా మీదే రాసి ఇస్తాను.